మహమ్మారి కాలంలో ప్రయాణ బీమా: వైద్యానికి నిజంగా దక్కేది ఎంత?

ఎదురుచూపు రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 69 ఏళ్లు, అమ్మకు 64. ఇద్దరూ మరో మూడు నెలల్లో నా దగ్గరికి వచ్చి ఐదు నెలలు ఉండబోతున్నారు. నేను ఉంటున్న దేశంలో సందర్శకులకు ప్రభుత్వ వైద్యం వర్తించదు. ఆసుపత్రి ఖర్చు సొంతంగా భరించడం మా వల్ల అయ్యే పని కాదు. కాబట్టి బీమా తీసుకోవాలా వద్దా అన్నది నా సందేహం కాదు, తీసుకున్న బీమా అవసరం పడిన రోజున పనికొస్తుందా అన్నదే నా సందేహం.

ఈ భయానికి కారణం ఉంది. 2020 మార్చిలో కూడా వాళ్లు ఇక్కడే ఉన్నారు. విమానాలు ఆగిపోయి తిరుగు ప్రయాణం నాలుగు నెలలు వెనక్కి జరిగింది, పాలసీ గడువు మాత్రం మధ్యలోనే తీరిపోయింది. కొత్త పాలసీ చేతికి వచ్చేదాకా గడిచిన పదకొండు రోజులూ నాన్నగారు దగ్గినప్పుడల్లా నాకు కాళ్లూ చేతులూ చల్లబడేవి. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. ఈసారి అదృష్టం మీద భారం వేయదలచుకోలేదు.

రెండు పాలసీల పూర్తి నియమావళి తెప్పించుకుని చదివాను. మొదటి దానిలో, అంటువ్యాధి లేదా మహమ్మారి వల్ల ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని కలిగే ఏ నష్టానికీ కంపెనీ బాధ్యత వహించదని మినహాయింపుల కింద ఒకే ఒక్క వాక్యం ఉంది. రెండో దానిలో కోవిడ్-19ను మిగతా అనారోగ్యాలతో సమానంగా చూస్తామని ఉంది గాని, పన్నెండు పేజీల తరువాత, వెళ్తున్న దేశానికి ప్రయాణం వద్దని ప్రభుత్వ హెచ్చరిక అమలులో ఉంటే పాలసీ వర్తించదని కూడా ఉంది. రేపు కోవిడ్ కాక మరో కొత్త వ్యాధి వస్తే వీటిలో ఏది నిలబడుతుంది? నాన్నగారికి పదేళ్లుగా మధుమేహం, రక్తపోటు ఉన్నాయి, మందులతో అదుపులోనే ఉన్నాయి. వాటిని చూపించి క్లెయిమ్ తోసిపుచ్చే అవకాశం ఎంత? అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

పాలసీ పఠనం రాశారు:

ఎదురుచూపు గారికి నమస్కారం. ప్రయాణ బీమా క్లెయిముల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను, 2020 సంవత్సరమంతా ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. ఆ ఏడాది తిరస్కరించవలసి వచ్చిన దరఖాస్తుల్లో చాలావాటికి కారణం మోసం కాదు, తొందరా కాదు. కొన్నవాళ్లు ఒకదాన్ని ఊహించుకున్నారు, పాలసీలో మరొకటి ఉంది.

ముందుగా ఒక సంగతి విడదీసి చూడాలి. ప్రయాణ బీమా అని మనం ఒకే పేరుతో పిలిచే పత్రంలో నిజానికి రెండు మూడు వేర్వేరు ఒప్పందాలు కలిసి ఉంటాయి. ప్రయాణం రద్దయితే కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేది ఒకటి, పరాయి చోట జబ్బు పడితే వైద్యానికి ఇచ్చేది ఇంకొకటి, రోగిని మరో ఆసుపత్రికో స్వదేశానికో తరలించడానికి ఇచ్చేది వేరొకటి. మహమ్మారి మినహాయింపు ఈ భాగాలలో ఎక్కడ కూర్చుని ఉందన్నదే అసలు ప్రశ్న. రద్దు భాగం కింద మాత్రమే ఉంటే వైద్య భాగం క్షేమం. మీ మొదటి పాలసీలో ఉన్నట్టు "సాధారణ మినహాయింపులు" అన్న శీర్షిక కింద ఉంటే అది అన్ని భాగాలకూ వర్తిస్తుంది. "పరోక్షంగా గాని" అన్న మాట మరీ ప్రమాదకరమైనది. ఆసుపత్రులు నిండిపోయి మామూలు గుండెనొప్పికి దూరపు ఊరికి తరలించవలసి వచ్చినా, అది మహమ్మారి వల్ల పరోక్షంగా అయిన ఖర్చేనని వాదించడానికి అందులో చోటుంది. ఇలాంటి మినహాయింపులు కొత్తవి కావు, 2003లో సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి వచ్చిపోయిన తరువాత చాలా కంపెనీలు చేర్చుకున్నవే. పదిహేడేళ్లపాటు ఎవరూ వాటిని పట్టించుకోలేదు.

రెండోది తేదీ. బీమా అనేది ఇంకా తెలియని ఆపదకు ఇచ్చే హామీ. ఆపద ఉందని లోకానికి తెలిశాక కొన్న పాలసీకి ఆ ఆపద విషయంలో విలువ తగ్గిపోతుంది. దీన్నే మేము "తెలిసిన సంఘటన" అంటాం. 2020 జనవరి నెలాఖరుకే చాలా కంపెనీలు కొత్త కరోనా వైరస్‌ను తెలిసిన సంఘటనగా ప్రకటించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారి అని వర్ణించింది మార్చి 11న. ఆ మధ్యలో పాలసీ కొన్నవారిలో చాలామంది మహమ్మారికి ముందే కొన్నామని నమ్మారు, రద్దు క్లెయిములలో వారికి దక్కింది శూన్యం. అందువల్ల నేను చెప్పే మొదటి మాట: కొనదలచుకుంటే టికెట్లు కొన్న వారంలోనే కొనండి, బయలుదేరే ముందురోజు దాకా ఆగకండి.

మీ రెండో పాలసీలో కోవిడ్-19 అని ఒక్క వ్యాధి పేరే ఉంటే, అది మరో కొత్త వ్యాధికి వర్తిస్తుందని అనుకోవద్దు. కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఆఖరి విమానం రాశారు:

పాలసీ పఠనం గారు చెప్పిన "భాగాలు" అన్న మాట నాకు నాలుగేళ్ల క్రితం తెలిసి ఉంటే ఎంత బాగుండేది. నా అనుభవం వైద్యానికి కాస్త పక్కనున్నదే అయినా, చెప్పడం అవసరమనిపిస్తోంది.

2021లో ఉద్యోగం పని మీద విదేశానికి వెళ్లాను. తిరుగు ప్రయాణానికి ముందు తప్పనిసరి పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు, ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. కాని విమానం ఎక్కనివ్వరు, పది రోజులు గదిలోనుంచి బయటికి రాకూడదు. హోటల్ గది అద్దె, తెప్పించుకున్న భోజనం, రెండు పరీక్షలు, కొత్త టికెట్ అన్నీ కలిపితే మొత్తం ప్రయాణానికి అయిన ఖర్చును మించిపోయింది. నా పాలసీలో కోవిడ్ చికిత్స ఉందని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. క్లెయిమ్ పెట్టాను. జవాబు రెండు వాక్యాలు: మీకు చికిత్స జరగలేదు కాబట్టి వైద్య భాగం వర్తించదు, క్వారంటైన్ అనేది మీ పాలసీలో ప్రయాణ ఆలస్యానికి అంగీకరించిన కారణాలలో లేదు.

నేను అబద్ధమాడలేదు, వాళ్లూ నియమం తప్పలేదు. అయినా అప్పు చేసి ఇంటికి చేరాను. పాలసీ చూసేటప్పుడు "క్వారంటైన్" అన్న పదం విడిగా ఎక్కడైనా ఉందో లేదో వెతకండి. ఉంటే రోజుకు ఎంత, ఎన్ని రోజులకు, ఎవరి ఆదేశం మీద అన్నది చూడండి.

పాలసీ పఠనం రాశారు:

ఆఖరి విమానం గారూ, మీ కష్టానికి బాధగా ఉంది. ఇలాంటి ఫైళ్లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. ఒక్క వివరం చేరుస్తాను. క్వారంటైన్‌ను అంగీకరించే పాలసీలలో కూడా సాధారణంగా వైద్యుడి లిఖిత ఆదేశం గాని, ప్రభుత్వ ఆరోగ్యాధికారి ఉత్తర్వు గాని, ప్రయాణికుడి పేరుతో ఉండాలని అడుగుతారు. విమాన సంస్థ ఎక్కనివ్వలేదన్న కాగితం ఒక్కటే చాలదు. ఒక నగరం మొత్తానికో దేశం మొత్తానికో వేసిన లాక్‌డౌన్‌ను చాలా పాలసీలు క్వారంటైన్‌గా లెక్కించవు. లక్షణాలు లేకపోయినా పాజిటివ్ వచ్చిన రోజే ఒక వైద్యుడితో మాట్లాడి, ఇన్ని రోజులు ప్రయాణం చేయరాదని రాయించుకోవడం మంచిది.

రాత్రి డ్యూటీ రాశారు:

నేను ఐసీయూలో పనిచేసే వైద్యుణ్ణి. ఎదురుచూపు గారి తండ్రిగారికి మధుమేహం ఉందన్నారు కాబట్టి ఆసుపత్రి వైపు నుంచి ఈ విషయం ఎలా కనిపిస్తుందో రాస్తున్నాను. బీమా గురించి మాట్లాడేటప్పుడు ఈ భాగం ఎవరూ చెప్పరు.

కోవిడ్ మొదటి అలలలో మేము చూసిన తీవ్రమైన రోగులు రెండు మూడు రోజులలో తేలే రోగులు కారు. వెంటిలేటర్ పెట్టవలసి వస్తే రెండు వారాలు, మూడు వారాలు ఐసీయూలో ఉండిపోయేవారు. ఆ తరువాత కూడా లేచి నడవడానికి ఫిజియోథెరపీ, ఇంట్లో ఆక్సిజన్ అవసరమయ్యేవి. కాబట్టి పాలసీ ముఖపత్రం మీద కనిపించే పెద్ద మొత్తాన్ని చూసి నిశ్చింతపడకండి. సందర్శకులకు అమ్మే పాలసీలలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో ఐసీయూకు రోజుకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత, వైద్యుడి సందర్శనకు ఇంత అని స్థిరమైన మొత్తాలు ఉంటాయి, మిగతాది ఎంతైనా మీరే కట్టుకోవాలి. ఇంకో రకంలో డిడక్టిబుల్, అంటే బిల్లులో ముందుగా మీ వంతుగా నిర్ణయించిన మొత్తం, మీరు భరించాక, మిగిలిన బిల్లులో అధిక భాగాన్ని గరిష్ఠ పరిమితి దాకా కంపెనీ కడుతుంది. మొదటి రకానికి ప్రీమియం తక్కువ కాబట్టి పెద్దవాళ్ల కోసం చాలామంది అదే కొంటారు. సుదీర్ఘమైన ఐసీయూ వాసంలో అది ఎంత త్వరగా కరిగిపోతుందో రోగుల పిల్లల ముఖాల్లో చూశాను. అది మరిచిపోలేను.

ఇక మధుమేహం. 2020 జూన్‌లో బ్రిటన్‌లో కోవిడ్ మందుల మీద జరిపిన రికవరీ ట్రయల్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాక, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులందరికీ డెక్సామెథసోన్ ఇవ్వడం మొదలుపెట్టాం. ప్రాణాలు నిలబెట్టిన మందు అది. కాని అది స్టెరాయిడ్, రక్తంలో చక్కెరను పెంచుతుంది. మందులతో ఏళ్ల తరబడి అదుపులో ఉన్న మధుమేహం కూడా నాలుగో రోజుకు ఇన్సులిన్ డ్రిప్ దాకా వెళ్లేది. అప్పుడు బిల్లులో "అదుపు తప్పిన మధుమేహానికి చికిత్స" అన్న పద్దు కనిపిస్తుంది. ముందునుంచి ఉన్న జబ్బును మినహాయించిన పాలసీ ఆ పద్దును పట్టుకుని, ఇది పాత జబ్బు ఖర్చు కదా అని అడుగుతుంది. రోగి పక్కన ఉన్నవారు డిశ్చార్జి పత్రం మీద సంతకం చేసే ముందే వైద్యుడిని అడిగి, చేరడానికి మూలకారణం అంటువ్యాధి అనీ, చక్కెర పెరిగింది స్టెరాయిడ్ చికిత్స వల్ల అనీ స్పష్టంగా రాయించుకోవాలి. అది నిజమైనప్పుడు రాయడానికి మాకు అభ్యంతరం ఉండదు. వార్డులో హడావిడి వల్ల మాకు మేముగా తోచకపోవచ్చు. దయచేసి అడగండి.

తరలింపు గురించి కూడా ఒక మాట. ఎయిర్ అంబులెన్సుతో స్వదేశానికి తీసుకుపోతారన్న భరోసాతో చాలామంది ఉంటారు. అంటువ్యాధి చురుకుగా ఉన్న రోగిని తరలించడానికి ప్రత్యేక ఐసోలేషన్ ఏర్పాట్లు, రెండు దేశాల అనుమతులు కావాలి. 2020లో చాలా సందర్భాల్లో అవి దొరకలేదు. పాలసీలో తరలింపు ఉన్నా, అది "వైద్యపరంగా అవసరం" అని నిర్ణయించేది కంపెనీ నియమించిన సహాయ కేంద్రమే తప్ప కుటుంబం కాదు. చేరిన చోటే వైద్యం పూర్తవుతుందన్న లెక్కతోనే వైద్య పరిమితిని ఎంచుకోండి.

ఎదురుచూపు రాశారు:

రాత్రి డ్యూటీ గారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. చక్కెర సంగతి నా ఊహకే రాలేదు. నేను చూస్తున్న రెండు పాలసీలలో ఒకటి మీరు చెప్పిన స్థిర మొత్తాల రకమేనని ఇప్పుడే తెలుసుకుని పక్కన పెట్టేశాను. మహమ్మారి మినహాయింపు ఉన్నది కూడా అదే.

ఇంకో ప్రశ్న. "మహమ్మారి" అని ఎవరు ప్రకటిస్తే అది మహమ్మారి అవుతుంది? మిగిలిన పాలసీలో ఆ పదానికి నిర్వచనమే లేదు.

పాలసీ పఠనం రాశారు:

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గాని వివాదాలన్నీ ఇక్కడే పుడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న ప్రకటించింది అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం చట్టబద్ధమైన అధికారిక ప్రకటన అదే. మార్చి 11న చెప్పింది మహమ్మారిగా వర్ణించదగిన స్థితికి చేరిందన్న మాట మాత్రమే, అప్పటి నిబంధనలలో మహమ్మారి అన్న ప్రకటన స్థాయి లేనే లేదు. అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది 2023 మే 5న, మహమ్మారి ముగిసిందని ఆనాడు చెప్పలేదు. ఒక పాలసీ ఈ మూడు తేదీలలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటే, మరొకటి ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. మంకీపాక్స్ అని ఇంతకుముందు పిలిచిన ఎంపాక్స్‌కు 2022లోనూ 2024లోనూ అత్యవసర పరిస్థితి ప్రకటించారు, దాన్ని మహమ్మారి అని మాత్రం అనలేదు. అత్యవసర పరిస్థితి అన్న పదంతో మినహాయింపు రాసుకున్న పాలసీ కింద, ఎంపాక్స్ సోకినవారికి కూడా చిక్కు వచ్చేది.

2024 జూన్‌లో ఆమోదించి 2025 సెప్టెంబరు 19 నుంచి అమలులోకి తెచ్చిన ఆ ఆరోగ్య నిబంధనల సవరణలలో మొదటిసారిగా "మహమ్మారి అత్యవసర పరిస్థితి" అన్న స్థాయిని చేర్చారు. ఇకమీదట రాసే పాలసీలు దీన్ని ఆధారం చేసుకుంటే కొంత స్పష్టత రావచ్చు. నిర్వచనం లేని పాలసీలో అస్పష్టమైన మాటను రాసినవారికి వ్యతిరేకంగానే అర్థం చేసుకోవాలన్న సూత్రాన్ని అనేక దేశాల న్యాయస్థానాలు పాటిస్తాయి గాని, ఆసుపత్రి బిల్లు ఎదురుగా ఉన్న రోజున న్యాయస్థానం దాకా వెళ్లే ఓపిక ఎవరికుంటుంది? నిర్వచనం ఉన్న పాలసీనే కొనండి, లేకపోతే ఈమెయిల్‌లో అడిగి తెప్పించుకోండి.

ఖాతా పుస్తకం రాశారు:

అందరి మాటలూ చదివాను. నాది భిన్నాభిప్రాయం, ఎవరినీ నొప్పించాలని కాదు. ఇన్ని మినహాయింపులు, ఇన్ని నిర్వచనాలు, ఇన్ని తేదీలు దాటుకుని డబ్బు రాబట్టుకోవడం సామాన్యుడికి సాధ్యమా? మా కుటుంబంలో పదిహేనేళ్లుగా ఐదారు ప్రయాణాలకు ప్రీమియం కట్టాం, ఒక్కసారి అడిగితే ఇవ్వలేదు. ఆ డబ్బును విడిగా దాచుకుని ఉంటే మంచి మొత్తమే చేరేది. మహమ్మారి వంటి పెద్ద ఆపదలో కంపెనీలే నిలబడలేవు, అలాంటప్పుడు మనకేం చేస్తాయి?

రాత్రి డ్యూటీ రాశారు:

ఖాతా పుస్తకం గారూ, మీ కోపం అర్థమవుతోంది. కాని పదిహేనేళ్ల ప్రీమియం మొత్తం కలిపినా, సందర్శకులు పూర్తి ధర చెల్లించవలసిన దేశాల్లో వారం రోజుల ఐసీయూ బిల్లుకు సరిపోదు. దాచుకున్న డబ్బు విరిగిన చేతికి సరిపోతుంది, వెంటిలేటర్‌కు చాలదు. వయసు మళ్లిన వారి విషయంలో ఈ ప్రయోగం చేయవద్దని చేతులు జోడించి కోరుతున్నాను.

పాలసీ పఠనం రాశారు:

న్యాయంగా ఒకటి చెప్పాలి. మహమ్మారి కాలంలో రద్దు క్లెయిములు విపరీతంగా తిరస్కరణకు గురైన మాట నిజం. వైద్య క్లెయిముల కథ అంత చీకటిగా లేదు. మినహాయింపు లేని పాలసీలు ఉన్నవారికి, హెచ్చరికలు రాకముందే ప్రయాణంలో ఉన్నవారికి, చికిత్స ఖర్చులు చెల్లించిన ఫైళ్లు నా చేతులతోనే ముగించాను. అవి ఎవరూ చెప్పుకోరు కాబట్టి వినపడవు.

పైగా బీమా లేకుండా కొన్ని దేశాల గడప కూడా దాటలేం. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలన్నది మహమ్మారికి ఎంతో ముందునుంచీ ఉన్న నియమం, అత్యవసర చికిత్స, ఆసుపత్రి, స్వదేశానికి తరలింపు అన్నీ అందులో ఉండాలి. థాయిలాండ్ 2020లో సరిహద్దులు కొద్దికొద్దిగా తెరిచినప్పుడు కోవిడ్‌కు 1,00,000 అమెరికన్ డాలర్ల బీమా అడిగింది, 2021 నవంబరులో దాన్ని 50,000కు తగ్గించింది. సింగపూర్ 2020 మార్చిలోనే స్వల్పకాలిక సందర్శకులు కోవిడ్ చికిత్స ఖర్చు తామే భరించాలని ప్రకటించి, 2021 జనవరి నుంచి 30,000 సింగపూర్ డాలర్ల బీమాను తప్పనిసరి చేసింది. అయితే వీసా కోసం చూపించే ధ్రువపత్రం కనీస పరిమితిని తీరుస్తుందే తప్ప, మీ తండ్రిగారి అవసరాన్ని కొలిచి ఇచ్చింది కాదు. ఈ రెండింటినీ కలిపి చూడవద్దు.

రెండు స్టెంట్లు రాశారు:

నా వయసు 72. గుండెకు రెండు స్టెంట్లు వేశారు. పిల్లల దగ్గరికి ఏటా వెళ్లి వస్తుంటాను, కాబట్టి పాత జబ్బుల సంగతి నా ఒంటి మీద నేర్చుకున్నదే.

మొదటిది, ఏదీ దాచకండి. ప్రీమియం కొంత పెరుగుతుందని రక్తపోటు మందును దాచినవారికి, చివరికి జలుబు క్లెయిమ్ కూడా రాలేదన్న ఉదంతం నాకు దగ్గరగా తెలుసు. వాస్తవాలు దాచారన్న కారణంతో పాలసీనే రద్దు చేసే హక్కు వాళ్లకుంటుంది. రెండోది, వెనక్కి చూసే కాలం. ప్రయాణికులకు అమ్మే కొన్ని పాలసీలు 60 రోజులో 180 రోజులో వెనక్కి చూసి, ఆ కాలంలో మందు మోతాదు మారకుండా, కొత్త చికిత్స లేకుండా ఉంటే జబ్బు నిలకడగా ఉన్నట్టు లెక్కిస్తాయి. సందర్శకుల పాలసీలు రెండు మూడేళ్లు వెనక్కి కూడా వెళ్తాయి. కాబట్టి ప్రయాణానికి ముందు అత్యవసరం కాని మందు మార్పు ఏదైనా ఉంటే, పాలసీ సంగతి వైద్యుడికి చెప్పి మాట్లాడుకోవడం మంచిది. అవసరమైన మార్పును మాత్రం బీమా కోసం ఆపకూడదు.

మూడోది మీకు 2020లో జరిగినదే. గడువు పొడిగించడం వేరు, కొత్త పాలసీ కొనడం వేరు. పొడిగింపు అయితే మధ్యలో వచ్చిన జబ్బు సాధారణంగా అదే పాలసీ కింద కొనసాగుతుంది. గడువు తీరిపోయి కొత్తది కొంటే, మొదటి పాలసీ కాలంలో వచ్చిన జబ్బు రెండో పాలసీకి పాత జబ్బు అయి కూర్చుంటుంది. నాకు అలాగే జరిగింది: మార్చిలో వచ్చిన ఛాతీనొప్పికి మొదటి పాలసీ చెల్లించింది, మేలో అదే నొప్పికి కొత్త పాలసీ పైసా ఇవ్వలేదు. పొడిగింపు దరఖాస్తు గడువు తీరకముందే చేరాలి, చివరి రోజున వెబ్‌సైటు తెరుచుకోకపోతే అది మన తలరాతే అవుతుంది.

ఎదురుచూపు గారూ, మీ నాన్నగారికి 69 అన్నారు. 70 ఎప్పుడు నిండుతుంది? చాలా సందర్శకుల పాలసీలలో 70 దగ్గర పరిమితులు తగ్గుతాయి. ముందునుంచి ఉన్న జబ్బు అకస్మాత్తుగా తీవ్రమైతే ఇచ్చే సహాయం కొన్నిటిలో ఆ వయసుతోనే ఆగిపోతుంది. బయలుదేరిన నాటి వయసును చూస్తారా, జబ్బు పడిన నాటి వయసును చూస్తారా అన్నది కనుక్కోండి.

టికెట్ల బల్ల రాశారు:

ప్రయాణాల ఏర్పాట్లు చేసే వృత్తిలో ఉన్నాను. వైద్యం గురించి పెద్దలు చెప్పాక నేను చేర్చేది కొద్దిగానే. ప్రభుత్వ హెచ్చరిక నిబంధనను ఎదురుచూపు గారు సరిగా పట్టుకున్నారు. 2020 మార్చి 17న బ్రిటన్ విదేశాంగ కార్యాలయం అత్యవసరం కాని విదేశీ ప్రయాణాలన్నీ మానుకోమంది, మార్చి 19న అమెరికా విదేశాంగ శాఖ ప్రపంచమంతటికీ నాలుగో స్థాయి హెచ్చరిక, అంటే ప్రయాణమే వద్దన్న అత్యున్నత హెచ్చరిక, ఇచ్చింది. ఆ తరువాత బయలుదేరినవారిలో చాలామందికి కాలు విరిగినా పాలసీ వర్తించని పరిస్థితి వచ్చింది, ఎందుకంటే హెచ్చరికను కాదని వెళ్లారు. హెచ్చరిక వచ్చేటప్పటికే అక్కడ ఉన్నవారికి చాలా పాలసీలు వెసులుబాటు ఇచ్చాయి. ఏ ప్రభుత్వ హెచ్చరిక లెక్కలోకి వస్తుంది, బయలుదేరిన దేశానిదా, చేరిన దేశానిదా, అన్నది కూడా పాలసీలోనే ఉంటుంది.

రద్దు విషయంలో, భయం వల్ల మానుకోవడం మామూలు పాలసీలలో అంగీకరించిన కారణం కాదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే అదనపు సదుపాయం అమ్మే చోట, మొదటి చెల్లింపు జరిగిన రెండు మూడు వారాలలోపే దాన్ని తీసుకోవాలి, తిరిగి వచ్చేది కూడా సాధారణంగా 50 నుంచి 75 శాతమే. విమాన సంస్థే విమానాన్ని రద్దు చేస్తే ముందు వారినే డబ్బు అడగండి. 2020 ఏప్రిల్ 3న అమెరికా రవాణా శాఖ ప్రయాణికుడు కోరితే డబ్బే ఇవ్వాలని విమాన సంస్థలకు గుర్తుచేసింది, ఐరోపా నిబంధనలూ అదే చెబుతాయి. తొందరపడి వోచర్ అంగీకరిస్తే, మీకు నష్టం పూడిందని బీమా కంపెనీ లెక్కవేస్తుంది.

ఓడ ప్రయాణం రాశారు:

విహార నౌకలలో వెళ్లేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. 2020 ఫిబ్రవరిలో యొకొహామా రేవులో ఆగిన డైమండ్ ప్రిన్సెస్ నౌకలో 3,711 మంది ఉంటే 712 మందికి వ్యాధి సోకింది. నౌకలోని వైద్యశాల చిన్నది, బిల్లు ముందు మనమే కట్టి తరువాత అడగాలి. నేలమీది ఆసుపత్రికి తరలించే ఖర్చు నౌకా ప్రయాణానికి వర్తిస్తుందో లేదో విడిగా అడగండి. మామూలు పాలసీలలో అది లేకపోవచ్చు.

ఎదురుచూపు రాశారు:

మూడు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. మీరందరూ చెప్పిన ప్రశ్నలన్నీ ఒక ఈమెయిల్‌లో పెట్టి రెండో కంపెనీకి పంపాను. మొదట ఫోన్ చేసి నోటిమాటగా అన్నీ వర్తిస్తాయని చెప్పారు. రాసి ఇవ్వమని పట్టుబట్టాక, తొమ్మిదో రోజున నిబంధనల సంఖ్యలతో సహా జవాబు వచ్చింది. కొత్తగా వచ్చే అంటువ్యాధికి కూడా వైద్య భాగం వర్తిస్తుందట, అయితే పాలసీ మొదలయ్యే తేదీకి ఆ వ్యాధిపై ప్రయాణ హెచ్చరిక ఉండకూడదు. వాళ్లు చేరాక హెచ్చరిక వస్తే వైద్యం ఆగదు. క్వారంటైన్‌కు రోజుకు చిన్న మొత్తం ఉంది, వైద్యుడి ఆదేశం తప్పనిసరి.

రెండు స్టెంట్లు గారు అడిగిన ప్రశ్నే అన్నిటికంటే విలువైనదని తేలింది. నాన్నగారికి ఇక్కడికి వచ్చిన నాలుగో నెలలో 70 నిండుతాయి. కంపెనీ చూసేది పాలసీ మొదలైన నాటి వయసునే, కాబట్టి ఐదు నెలలకూ 69 ఏళ్ల పరిమితులే ఉంటాయి. కాని ఆ తరువాత పొడిగింపు కోరితే, పొడిగించిన కాలానికి 70 ఏళ్ల పరిమితులు వర్తిస్తాయి, పాత జబ్బు అకస్మాత్తుగా తీవ్రమైతే ఇచ్చే సహాయం ఉండదు. 2020లోలాగా విమానాలు ఆగిపోతే సరిగ్గా ఆ కాలంలోనే మాకు అది లేకుండా పోయేది. అందుకని ఐదు నెలలకు బదులు మొదటే తొమ్మిది నెలలకు తీసుకున్నాను. ముందుగా తిరిగి వెళ్లిపోతే, అప్పటిదాకా క్లెయిమ్ ఏదీ పెట్టకపోతే, వాడని నెలల ప్రీమియంలో కొంత కోసుకుని మిగతాది తిరిగి ఇస్తారు. ఆ మాట కూడా రాయించుకున్నాను.

నాన్నగారి వైద్యుడి దగ్గర గత మూడేళ్ల మందుల వివరాలు, చివరి పరీక్షల ఫలితాలు సంతకంతో తీసుకోమని చెప్పాను. ఒక ప్రతి ఆయన సంచిలో, ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నా ఫోనులో ఉంటాయి.

రాత్రి డ్యూటీ రాశారు:

మంచి పని చేశారు. ఆ ప్రతి మీదే సహాయ కేంద్రం ఫోను నంబరు, పాలసీ సంఖ్య పెద్ద అక్షరాలతో రాయించండి. స్పృహలేని స్థితిలో వచ్చిన రోగి దగ్గర మేము మొదట వెతికేది చొక్కా జేబే, కాబట్టి సంచిలో కాక ఆయన జేబులో ఉండేలా చూడండి.